ఫ్యూజుకు ముందు కాలిన తీగ

అల్లుడి కారు ఇంకో బండి వెనక తాడు కట్టించుకుని వచ్చేసరికి మాస్టరు షాపు ముందు నలుగురూ పోగయ్యారు. నలుగురు పోగైతే చాలు, మాస్టరుకు గొంతు దానంతటదే లేస్తుంది. కార్లలో స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బిగించడంలో ఆ వీధిలో తనను మించినవాడు లేడని ఆయన అభిప్రాయం. వీధి కూడా ఆ అభిప్రాయాన్ని కాదనలేదు. కాదంటే వినాల్సిన ఉపన్యాసం ఎంత పొడుగుంటుందో వీధికి తెలుసు.

కారు తలుపు తీయగానే కాలిన ప్లాస్టిక్కు వాసన గుప్పుమంది. ముందు సీటు దగ్గర, కాళ్ళు పెట్టుకునే చోట కార్పెట్టు నల్లగా ముద్దకట్టి ఉంది. అల్లుడు అప్పటికే మాస్టరు కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి, పాదానికి కట్టు కట్టించి, మాస్టరు ఇంట్లోనే దించి వచ్చాడు. అతను ఆ కారులో పొద్దునా సాయంత్రమూ స్కూలు పిల్లల్ని తిప్పుతాడు. వాళ్ళ సంసారమంతా ఆ కారు మీదే నడుస్తుంది. ఆ పొద్దున పిల్లల్ని దించేసి, భార్యను ఎక్కించుకుని బజారుకు పోతుంటే ఆమె కాళ్ళ కింద వెచ్చగా ఉందంది. ఆ మాట నోట్లో ఉండగానే పొగ లేచింది. కరిగిన కార్పెట్టు పాదానికి అంటుకుపోయింది. అతను బండి ఆపి, బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది తీగను ఉత్త చేత్తో పీకి పారేశాడు. ఆ చేతికీ ఇప్పుడు కట్టుంది.

"పిల్లలు దిగిపోయారు కాబట్టి సరిపోయింది మామయ్యా," అన్నాడు అల్లుడు.

"ఏం కెలికావు?" అన్నాడు మాస్టరు.

అది అడగడం కాదు, తీర్పు. రెండు నెలల కింద ఆ కారులో ఆంప్లిఫయరు పెట్టింది మాస్టరే. పిల్లలు పాటలు కావాలన్నారని అల్లుడు మొహమాటపడుతూ అడిగితే, పాత ఆంప్లిఫయరు ఒకటి దులిపి తానే బిగించాడు. కాబట్టి వైరింగులో తప్పుండే ప్రశ్నే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"మొన్న పాటలు ఆగిపోయాయి మామయ్యా. డిక్కీలో చూస్తే ఫ్యూజు పోయింది. పెట్రోలు బంకు పక్క కొట్లో అడిగితే ఆ నంబరు లేదని పెద్దది ఇచ్చాడు. మీకు ఫోన్ చేద్దామనుకున్నాను, పనిలో ఉంటారని ఊరుకున్నాను."

"విన్నారా?" అని మాస్టరు అల్లుణ్ణి వదిలేసి జనం వైపు తిరిగాడు. "పెద్దది ఇచ్చాడట, ఈయన పెట్టాడట! కాపలా కుక్కను విప్పేసి ఆ గొలుసుకు గుడ్డెద్దును కట్టాడు. చేతికి పని రాకపోతే పోనీ, నోటికి అడగడమైనా రావాలి కదా? కట్టుకున్నదాని కాలు కాల్చాడు. అదే పిల్లలు ఉండి ఉంటే?"

"ఈ కాలం వాళ్ళకు అన్నీ తెలుసండీ, అడగడం ఒక్కటే తెలియదు," అన్నాడు పక్క షాపు సీటు కవర్లాయన. ఆయనకు మాస్టరుకు వంత పాడటం ఉద్యోగం కాదు గానీ, అలవాటు.

అల్లుడు తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది మామయ్యా," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. సంజాయిషీ చెప్పుకునే అలవాటు అతనికి లేదు.

ఉపన్యాసం అయ్యాక మాస్టరు పనిలోకి దిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవరుతో కార్పెట్టు అంచు లేపి వెనక్కి తిప్పాడు. బ్యాటరీ నుంచి వచ్చిన లావుపాటి ఎర్ర తీగ ఇంజను వైపు నుంచి లోపలికి దిగి, కాళ్ళ చోటు దాటి, ముందు సీటు జరిగే ఇనుప పట్టా కింద నుంచి డిక్కీకి పోతుంది. పట్టా కింద తీగ మీది ఎర్ర తొడుగు కోసుకుపోయి రాగి బయటపడింది. సీటును ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా పట్టా దాన్ని కొరికి కొరికి, ఆఖరికి రాగి ఇనుముకు తగిలింది. బ్యాటరీ నుంచి ఆ పట్టా దాకా తీగ మాడి బొగ్గయింది. పట్టా దాటాక డిక్కీ దాకా కొత్త తీగలాగే ఎర్రగా నిగనిగలాడుతోంది.

మాస్టరు వెనక్కి వెళ్ళి డిక్కీ ఎత్తాడు. అల్లుడు పెట్టిన పెద్ద ఫ్యూజు చెక్కు చెదరకుండా ఉంది. పిల్లల జలుబు మందు సీసాలా అమాయకంగా ఉంది. దాని గుండా నిప్పు పోయిన గుర్తే లేదు. ఎందుకు పోతుంది? మంట ఫ్యూజుకు ముందే పుట్టి ముందే ఆరింది. అక్కడ పెద్దది ఉన్నా, చిన్నది ఉన్నా, ఆ తీగ అలాగే మాడేది.

ఆ ఫ్యూజు డిక్కీలో ఉండకూడదు. బ్యాటరీ పక్కనే ఉండాలి. డిక్కీలో పెట్టింది మాస్టరు. తీగను కారు తలుపు కింది గడప అంచు వెంట తీసుకుపోకుండా సీటు పట్టా కింద దూర్చిందీ మాస్టరే. ఆ రోజు షాపులో ఇంకో కారు ఆయన కోసం కాచుకుని ఉంది. బ్యాటరీ పక్కన చోటు ఇరుకు, గడప ప్లాస్టిక్కు ఊడదీయాలంటే పని. ఇంటి పనే కదా, తీరిగ్గా సర్దుకుందాం అనుకున్నాడు. పరాయివాడి కారైతే అలా చేసేవాడు కాదు. ఆ తీరిక మళ్ళీ రాలేదు, ఆ సంగతే మరిచిపోయాడు.

"ఏంటి మాస్టారూ, ఫ్యూజే కదా?" అన్నాడు సీటు కవర్లాయన.

మాస్టరు డిక్కీ మూత దించేశాడు. అది కాస్త గట్టిగానే పడింది.

"కారు ఇక్కడే ఉండనీ," అన్నాడు అల్లుడితో. అతని మొహం మాత్రం చూడలేదు. "నువ్వు ఇంటికెళ్ళు."

నలుగురూ చెదిరిపోయారు. తేలు కుట్టిన దొంగకు అరవడానికి వీలుండదు. మాస్టరు కార్పెట్టును మళ్ళీ తీగ మీదికి కప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. సబ్బు రుద్దుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఒంట్లో వేడి ముందు చెవుల్లోకి, తర్వాత మెడలోకి పాకింది. నలభై ఏళ్ళ పనిలో ఆయనకు సిగ్గు అంటే ఇలా ఉంటుందని తెలియదు. ఇప్పటిదాకా దాన్ని ఇతరులకు పంచడమే ఎరుగును.

ఇంట్లో కూతురు మంచం మీద కాలు దిండు పైకెత్తి పెట్టుకుని పడుకుంది. మాస్టరు భార్య గదిలోకీ వంటింట్లోకీ తిరుగుతూ, తిరిగినప్పుడల్లా ఒక మాట విసురుతోంది.

"మెతకవాడు, మెతకవాడు అని మురిసిపోయాను. మెతకవాడు కాదు, మొద్దు. పిల్లను తీసుకెళ్ళి పొయ్యిలో కూర్చోబెట్టాడు."

"అమ్మా, ఆపు," అంది కూతురు. "సీటు వెనక్కి జరిపింది నేను. జరపగానే మొదలైంది. నా వల్లే ఏమన్నా అయిందేమో."

"సీటు జరిపితే కాళ్ళు కాలతాయా? అలాగైతే లోకంలో సగం మంది కుంటుతూ ఉండాలి. ఏమండీ, మీరు చెప్పండి. సీటు జరిపితే కాలుతుందా?"

మాస్టరు భోజనం పళ్ళెం ముందు కూర్చుని ఉన్నాడు. "కాలదు," అన్నాడు. అది అబద్ధం. నిజానికి కాలింది సీటు జరిపినందుకే, జరిపితే కాలేలా తీగ పెట్టినందుకే. పళ్ళెం పక్కకు జరిపాడు. నీళ్ళు తాగి లేచాడు.

సాయంత్రం అల్లుడు మందు ట్యూబూ, కొత్త గుడ్డ చుట్టా పట్టుకుని వచ్చాడు. అత్తగారు కూర్చోమనలేదు. తర్వాత తనే కుర్చీ అంచున, ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా కూర్చున్నాడు. గది తలుపు తెరిచే ఉన్నా లోపలికి పోలేదు. మాస్టరు టీవీ చూస్తున్నట్టు నటించాడు. అందులో ఎవరో పంటల ధరలు చెబుతున్నారు. మాస్టరు జన్మలో ఒక మొక్క నాటినవాడు కాదు, అయినా కన్నార్పకుండా విన్నాడు.

"మామయ్యా," అన్నాడు అల్లుడు కాసేపటికి. "పిల్లల ఇళ్ళకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఫ్యూజు మార్చింది నేనే అని. దాచడం బాగుండదు కదా."

"చెప్పావా?"

"చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. రేపటి నుంచి మాత్రం పంపమన్నారు."

పంపమన్నారు అనే మాటను అతను ఎంత నెమ్మదిగా అన్నాడంటే, అది బండి పంపించమన్నారో, పిల్లల్ని మానిపిస్తామన్నారో అర్థం కాక అత్తగారు తొంగి చూసింది. "పంపం," అని అతను మళ్ళీ చెప్పాడు. "పంపం అన్నారు."

అతను వెళ్ళిన కొద్దిసేపటికే మాస్టరుకు ఫోన్ వచ్చింది. చేసింది ఒక నర్సు. ఆమె కవల పిల్లలు అల్లుడి కారులోనే వెళ్తారు. మిగతా తల్లిదండ్రులు ఏ నిర్ణయానికైనా ఆమె మాట కోసం చూస్తారు.

"మీ అల్లుడు తనదే తప్పని ఒప్పుకున్నాడండీ. నిజాయితీ బాగానే ఉంది. కానీ నిజాయితీ చూసి పిల్లల్ని ఎక్కించలేం కదా? మీరు ఆ పనిలో పెద్దవారని అందరూ అంటారు. రేపు సాయంత్రం మేమంతా ఆ కారులో వెళ్ళే ఒక పాప తాతగారింట్లో కూర్చుంటున్నాం. మీరొచ్చి చూసింది చూసినట్టు చెప్పండి. ఆయన అజాగ్రత్త వల్లేనంటే మేం ఇంకో బండి చూసుకుంటాం."

'నా వల్లేనమ్మా' అనడానికి ఒక్క క్షణం చాలు. మాస్టరు ఆ క్షణాన్ని దాటనిచ్చాడు. "వస్తానమ్మా," అన్నాడు.

మర్నాడు షాపుకు ఒకాయన కొత్త ఆంప్లిఫయరు డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. తొందర మనిషి, కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు.

"ఫ్యూజు గీజూ వెనకే పెట్టేయండి మాస్టారూ. ముందు భాగం విప్పితే సాయంత్రమవుతుంది."

ఈ మాట ఎవరన్నా మాస్టరు దగ్గర తయారుగా ఒక పాఠం ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. నోరు దానంతటదే మొదలుపెట్టింది.

"ఫ్యూజు ఎందుకనుకుంటున్నారు? ఆంప్లిఫయర్ని కాపాడటానికని అనుకుంటారు అందరూ. కాదు. తీగను కాపాడటానికి. బ్యాటరీలో ఉన్న బలం మామూలుది కాదు. తీగ ఎక్కడన్నా బాడీకి తగిలిందనుకోండి, ఆ బలమంతా ఒక్కసారి తీగలోకి వస్తుంది. తీగ పొయ్యిలో ఊచలా ఎర్రబడుతుంది. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉంటే అది ముందు తెగిపోయి తీగను బతికిస్తుంది. మీరు దాన్ని డిక్కీలో పెట్టారనుకోండి, కారు పొడుగునా ఉన్న తీగకు కాపలా లేనట్టే. దొంగ వీధి గుమ్మంలో పడితే మీరు పెరటి తలుపుకు తాళం వేసుకున్నట్టు. ఆ పని ఎవడు చేస్తాడంటే..."

అక్కడ పాఠంలో ఒక తిట్టు ఉంటుంది. బుద్ధి ఉన్నవాడు చేయడు, చేసినవాడి చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కోవాలి అని. వినేవాళ్ళు అక్కడ నవ్వుతారు. ఈ రోజు కూడా ఆ తొందర మనిషి నవ్వడానికి సిద్ధపడి చూస్తున్నాడు.

"ఎవడు చేస్తాడంటే?" అన్నాడు.

మాస్టరు చేతిలో ఉన్న తీగ చుట్టను కిందికీ మీదికీ తిప్పాడు. "తొందరలో ఉన్నవాడు చేస్తాడు," అన్నాడు. "సాయంత్రమైనా సరే, ముందు వైపే పెడతాను. కూర్చోండి."

ఆ పని చేస్తున్నంతసేపూ మూలనున్న అల్లుడి కారు వైపు వీపు పెట్టుకునే కూర్చున్నాడు. గడప ప్లాస్టిక్కు క్లిప్పులు ఒక్కొక్కటే విరగకుండా లేపాడు. తీగను అంచు వెంట పరిచి, మూల మూలకూ కట్టు వేశాడు. రేకు బెజ్జంలో రబ్బరు రింగు బిగించి, తీగను లాగి చూసి, మళ్ళీ లాగి చూశాడు. ఎంత బాగా చేస్తే అంత సిగ్గేసింది. ఇదంతా చేతకాక అక్కడ మానలేదు మరి.

తొందర మనిషి వెళ్ళాక అల్లుడి కారులోని కాలిన తీగను మొత్తం బయటికి లాగాడు. చుట్ట చుట్టి, పాత రాగి వేసే గోనెసంచి మూతి తెరిచాడు. అందులో పడేస్తే ఇంకెవరికీ తెలియదు. పాత రాగి కొనేవాడు తీగ ఎవరు కాల్చారని అడగడు. సంచి మూతి పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ ముడేసి, తీగను బల్ల కిందికి తన్నాడు. మనిషి పూర్తిగా మంచివాడు కాలేకపోయినా, పూర్తిగా దొంగ కావడానికి కూడా ధైర్యం కావాలి.

తాతగారి ఇంటి ముందుగదిలో ఎదురుబొదురుగా కుర్చీలు వేశారు. తాతగారు రిటైరయ్యాక మాట్లాడే అవకాశాలు తగ్గి, దొరికినవాటిని పొదుపుగా కాకుండా వాడుకునే మనిషి. నర్సు డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. ఇంకో నలుగురు తల్లులూ తండ్రులూ ఉన్నారు. అల్లుడు కూర్చోకుండా గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"చెప్పండి మాస్టారూ," అంది నర్సు. "కారు చూశారు కదా. ఏం జరిగింది?"

మాస్టరు దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చాడు. సీటు పట్టా, డిక్కీ, తొందర. అన్నీ వరసగా ఉన్నాయి. తీరా అన్ని మొహాలు తన వైపే తిరిగేసరికి, వాటిలో తన మీద ఉన్న గౌరవం కనబడేసరికి, ఆ చిన్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయి ఒక పెద్ద మాట బయటికి వచ్చింది.

"ఆ కారులో వైరింగు చేసింది నేను. బాధ్యత నాది. అతన్ని ఏమీ అనకండి. తప్పు నాది."

చెప్పేశాను, అనుకున్నాడు మాస్టరు.

తాతగారు కుర్చీలోంచి లేచాడు. "చూశారా?" అన్నాడు అందరితో. "ఇదీ పెద్దరికమంటే! అల్లుడు తెలియక చేసిన పని మామగారు నెత్తిన వేసుకున్నాడు. నలభై ఏళ్ళ పేరు పణంగా పెట్టాడు. ఈ రోజుల్లో సొంత కొడుకు తప్పునే తండ్రి తన మీద వేసుకోడు!"

"అది కాదండీ, నిజంగానే..."

"మీరింకేం చెప్పొద్దు. మాకు అర్థమైంది." తాతగారు ఆయన భుజం తట్టాడు. ఒక తల్లి కళ్ళు ఒత్తుకుంది కూడా.

నర్సు మాత్రం కాస్త కనుబొమలు ముడిచి చూసింది. "వైరింగులో ఏమన్నా లోపముందా మరి?" అని అడిగింది.

ఆమె అడిగింది సరైన ప్రశ్న. జవాబు చెప్పడానికి మాస్టరు నోరు తెరిచాడు. తాతగారి చెయ్యి ఇంకా భుజం మీద ఉంది, బరువుగా, వెచ్చగా. "అంతా మార్చేస్తానమ్మా," అన్నాడు. "కొత్తగా వేస్తాను."

"మీరు దగ్గరుండి చేస్తానంటే సరే. సోమవారం నుంచి పంపుతాం."

అంటే పని జరిగిపోయింది. అల్లుడి బతుకు నిలబడింది. మాస్టరు పేరు నిలబడటమే కాదు, ఇంకో మెట్టు ఎక్కింది. బయటికి రాగానే అల్లుడు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కట్టు గరుకుగా తగిలింది. కళ్ళ నిండా నీళ్ళు.

"నా కోసం అంతమందిలో మాట పడ్డారు మామయ్యా. మా నాన్న ఉన్నా ఇంత చేసేవాడు కాదు."

మాస్టరుకు భూమి చీలితే బాగుండుననిపించింది. అది చీలలేదు. ఆయన చేతులు నెమ్మదిగా వెనక్కి తీసుకుని, "పొద్దుపోయింది, వెళ్ళు," అన్నాడు.

ఈ సంగతి ఆయన కంటే ముందే ఇల్లు చేరింది. భార్య గుమ్మంలోనే ఎదురైంది. పక్కింటావిడకు చెప్పడం అప్పుడే ముగించినట్టుంది, మొహం వెలిగిపోతోంది.

"ఎంత మాటన్నారండీ! ఆ మొద్దు కోసం మీరెందుకు మాట పడాలి అని నాకు ముందు ఒళ్ళు మండింది. కానీ ఊరంతా మిమ్మల్నే మెచ్చుకుంటోంది."

మాస్టరు చెప్పులు విప్పి కూతురి గదిలోకి వెళ్ళాడు. ఆమె కట్టు విప్పి పాదానికి మందు రాసుకుంటోంది. బొబ్బలు పగిలి, చర్మం పచ్చిగా ఉంది. ఆయన చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేదు.

"ఆయన ఫోన్ చేశారు నాన్నా. చిన్నపిల్లాడిలా ఏడ్చారు." ఆమె మందు మూత బిగించింది. "నిజమేనా అది?"

"ఏది?"

"తప్పు నీదన్నావట. ఊరికే అన్నావా, నిజంగా నీదా?"

ఇంటిల్లిపాదిలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే.

"నాదే," అన్నాడు.

"మరి ఆయనకెందుకు తెలియలేదు?"

"చెప్పాను కదమ్మా, అందరి ముందూ. వాళ్ళు నమ్మకపోతే నేనేం చేయను?"

"ఏం చేశావో చెప్పావా?"

"వాళ్ళకేం అర్థమవుతుంది, వైరింగు సంగతులు?"

"రోజూ షాపుకొచ్చిన ప్రతివాడికీ అర్థమయ్యేలా చెబుతావుగా నాన్నా."

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, కసురుకోవడానికి వీలుండేది. ఆయన మంచం చివర కూర్చున్నాడు. ఆమె కొత్త గుడ్డ చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన సాయం చేయబోతే, "నేను చుట్టుకుంటాలే," అంది. తిట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఆదివారం షాపులన్నీ మూసి ఉంటాయి. మాస్టరు సగం షట్టరు ఎత్తి, అల్లుణ్ణి రమ్మన్నాడు. అతను మూల కొట్లోంచి రెండు టీలు తెచ్చాడు. ఒకటి మామగారికి ముందుగా అందించి, తనది బల్ల మీద పెట్టుకున్నాడు. ఉత్సాహంగా ఉన్నాడు.

"ఏం సాయం చేయమంటారు మామయ్యా?"

మాస్టరు టీ ముట్టుకోలేదు. బల్ల కింద నుంచి కాలిన తీగ లాగి నేల మీద పొడుగ్గా పరిచాడు. "కూర్చో," అన్నాడు. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు.

"నేను నిన్న అన్నది ఊరికే అన్నది కాదు. తప్పు నాదే."

"మళ్ళీ ఎందుకు మామయ్యా ఆ మాట? ఎవరూ ఏమీ అనుకోలేదు."

"మాట కాదు, తీగ చూడు. ఇది బ్యాటరీ వైపు. చెయ్యి పెట్టు." అల్లుడు పెట్టాడు. వేళ్ళకు మసి అంటింది. "ఇలా జరుపుతూ రా. ఇక్కడ ఆగు. ఇక్కడ సీటు పట్టా కింద ఉంది. ఇక్కడి నుంచి ఎలా ఉంది?"

"ఇక్కడి నుంచి బాగానే ఉంది."

"ఫ్యూజు ఎక్కడుంది?"

"డిక్కీలో. ఈ చివర."

"మంట ఎక్కడిదాకా వచ్చింది?"

అల్లుడు చెయ్యి మసి ఉన్న చోట ఆగింది. అక్కడి నుంచి డిక్కీ చివరకు చూశాడు. మళ్ళీ మసి వైపు చూశాడు.

"నువ్వు పెట్టిన పెద్ద ఫ్యూజుకు ఈ మంట సంగతే తెలియదు," అన్నాడు మాస్టరు. "అసలు ఫ్యూజు బ్యాటరీ పక్కన ఉండాలి. నేను వెనక పెట్టాను. తీగ గడప వెంట పోవాలి. నేను పట్టా కింద దూర్చాను. వేరేవాళ్ళ కారు వచ్చి ఉందని, మనింటి పనే కదా అని."

"అంటే, నేను పాత నంబరుదే పెట్టి ఉంటే?"

"అయినా కాలి ఉండేది."

"అసలు ఫ్యూజు ముట్టుకోకపోతే?"

"అయినా అంతే."

అల్లుడు వేళ్ళకంటిన మసిని రెండో చేతి బొటనవేలితో రుద్దాడు. అది ఇంకా పాకింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. కార్పెట్టు ఎత్తగానే."

"నన్ను అందరి ముందు తిట్టాక."

"తిట్టాక."

"తర్వాత మీ ఇంటికొచ్చాను. మీరు టీవీ చూస్తున్నారు." అల్లుడు ఆగి ఆగి మాట్లాడాడు, ఒక్కొక్కటే ఎక్కడిదక్కడ పెడుతున్నట్టు. "ఆసుపత్రిలో కట్టు కడుతుంటే తను అరిచింది. చెయ్యి పట్టుకుందామనుకున్నాను. కాల్చినవాణ్ణే పట్టుకోవడమేంటని ఊరుకున్నాను. మీ ఇంట్లో గదిలోకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. నిన్న మీ చేతులు పట్టుకుని ఏడ్చాను. అప్పుడైనా చెప్పలేదు మీరు."

"చెప్పలేదు," అన్నాడు మాస్టరు. "సిగ్గేసి చెప్పలేదు. ఇప్పుడూ సిగ్గుగానే ఉంది. ఏమన్నా అను."

అల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో అతను ఎప్పుడూ ఆయన్ని అంత సూటిగా, అంతసేపు చూడలేదు. ఆ చూపులో కోపం ఉందనుకుంటే పొరపాటు. ఎంతో ఎత్తులో ఉందనుకున్న వస్తువును కిందికి దించి చూస్తున్నవాడి చూపది. మాస్టరు ఆ చూపు కిందే కూర్చున్నాడు. కూతురి తర్వాత తన మాట నమ్మిన మనిషి ఇతనే.

"లేవండి," అన్నాడు అల్లుడు. తీగను చుట్ట చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "నర్సమ్మగారింటికి వెళ్దాం. నాకు చెప్పినట్టే ఆమెకూ చెప్పండి. తీగ మీద చెయ్యి పెట్టించి."

నర్సు గుమ్మంలోనే విన్నది. కవలలు లోపల ఏదో విషయం మీద కొట్టుకుంటున్నారు. ఆమె తీగ మీద మసిని, ఎరుపును వేలితో తాకి చూసింది. "ఆ పొద్దున పిల్లలు కారులో ఉండగా సీటు జరిపి ఉంటే?" అని అడిగింది.

"ఇదే జరిగేదమ్మా."

"నిన్న అడిగాను కదా మిమ్మల్ని."

"అడిగారు. తప్పించుకున్నాను."

ఆమె అల్లుడి వైపు తిరిగి, "మిమ్మల్ని అనుమానించాం, ఏమీ అనుకోకండి," అంది. "పిల్లల్ని పంపుతాను. మిగతావాళ్ళకూ చెబుతాను. పని అయ్యాక కారును ఇంకెవరికైనా ఒకసారి చూపించండి. ఈయనకు కాదు." తలుపు మెల్లగానే వేసింది.

తిరిగి వస్తుంటే మాస్టరు ఒక అడుగు వెనకే నడిచాడు. షాపులోకి రాగానే అలవాటు చొప్పున కొత్త తీగ చుట్ట అందుకోబోయాడు. అల్లుడు దాన్ని ముందే తీసుకున్నాడు.

"నేను వేస్తాను. మీరు చెప్పండి."

"నీ చేతికి కట్టుంది."

"వేళ్ళు బాగానే ఉన్నాయి."

అతను గడప ప్లాస్టిక్కు లేపుతుంటే ఒక క్లిప్పు విరిగింది. మాస్టరు నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, డబ్బాలోంచి ఇంకోటి తీసిచ్చాడు. బ్యాటరీ పక్కన ఫ్యూజుకు చోటు చూపించాడు. అల్లుడు వెంటనే బిగించలేదు. ఇక్కడే ఎందుకు, ఇంకొంచెం ఇవతలైతే ఏమవుతుంది అని అడిగాడు. మాస్టరు చెప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాడు, తిట్టు లేకుండా, ఉపమానాలు లేకుండా. అప్పుడు గానీ అతను స్క్రూ తిప్పలేదు.

తీగను లోపలికి తీయడానికి అల్లుడు డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాడు. అక్కడ చీకటి. మాస్టరు వైరు లైటు పట్టుకుని తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆ వయసులో మోకాళ్ళు ఒప్పుకోవు, అయినా కూర్చున్నాడు.

తన షాపులో ఏదో మరిచిపోయి వచ్చిన సీటు కవర్లాయన ఆ దృశ్యం చూసి షట్టరు దగ్గర ఆగాడు.

"ఏం మాస్టారూ, అల్లుడికి పని నేర్పుతున్నారా? మంచిది. ఇకముందు ఎక్కడపడితే అక్కడ చెయ్యి పెట్టకుండా ఉంటాడు."

డాష్‌బోర్డు కింద చేతుల కదలిక ఆగిపోయింది. మాస్టరు తల తిప్పాడు.

"నేర్పడం కాదు," అన్నాడు. వీధికి వినబడేంత గట్టిగానే అన్నాడు. "కాల్చింది నేను. ఫ్యూజు వెనక పెట్టి, తీగను సీటు కింద దూర్చి నా కూతురి కాలు నేనే కాల్చాను. అతను బాగుచేస్తున్నాడు."

సీటు కవర్లాయన నవ్వబోయి, మాస్టరు మొహం చూసి మానుకున్నాడు. తన షాపు వైపు వెళ్ళిపోయాడు.

"లైటు ఇటు," అన్నాడు అల్లుడు లోపలి నుంచి. మామయ్యా అనలేదు.

మాస్టరు వంగి, లైటు అతను అడిగిన వైపు పట్టుకున్నాడు.